దాచమని ఇచ్చిన ముక్కు

మా ఇంట్లో అందరికీ కోపం ముక్కు మీదే ఉంటుంది. ముక్కులు చేసే కొంప కదా, అలాగే ఏడుస్తుంది మరి. నవ్వకండి, మేం నిజంగానే ముక్కులు చేస్తాం. చెవులు, వేళ్ళు కూడా చేస్తాం. జబ్బు వల్లో, ప్రమాదం వల్లో ముఖంలో కొంత పోగొట్టుకున్నవాళ్ళకి అచ్చం అలాంటిదే సిలికాన్‌తో చేసి పెడతాం. మా మామగారు మొదలుపెట్టిన పని ఇది. ఆయన పోయాక మా ఆయనా, మరిదీ, నేనూ చేస్తున్నాం. మా ఆయన కంప్యూటర్లో ఆకారం దిద్దుతారు. మరిది దాన్ని మిషన్‌తో మైనంలో కోస్తాడు. ఆ మైనానికి అచ్చు తీసి, సిలికాన్ పోసి, మనిషి ఒంటి రంగు తేవడం నా వంతు.

ముందు గది నాది, కిటికీ ఉన్న గది. రంగు చూడాలంటే పగటి వెలుగు కావాలి. లోపల ఒక నడవ, దానికి ఎడంపక్క మా ఆయన గది, చివర మరిది గది. మైనం పొడి రాకుండా మరిది గుమ్మానికి మందపాటి తెర ఉంటుంది. ఆ రెండు గదుల మధ్యా తిరిగే ప్రాణిని నేనొక్కదాన్నే. అన్నదమ్ములిద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవు.

ఎందుకంటారా? మామగారి కాలంలో మిషన్లు లేవు. వచ్చిన ప్రతి మనిషి ముఖానికీ ప్లాస్టర్ అచ్చు తీసి, ఆ ముఖాలన్నీ చివరి గది గోడకి అరలు కొట్టి దాచేవారు. గోడ నిండా తెల్లటి ముఖాలు. ఆయన పోయాక మరిది పట్టుబట్టి మిషన్ తెప్పించాడు. దానికి చోటు కావాలి. మా ఆయన పని మీద వేరే ఊరెళ్ళిన వారంలో, వీడు ఆ ప్లాస్టరంతా బస్తాల్లో నింపి, ఇటుక ముక్కలు ఎత్తే లారీలోకి ఎక్కించేశాడు. పాత రోగుల ముఖాలే కదా అనుకున్నాడు. పై అరలో, గోడవైపు తిప్పి పెట్టిన ముఖం ఒకటుంది. మామగారు పని నేర్చుకునే వయసులో మొట్టమొదట తన ముఖానికే తీసుకున్న అచ్చు అది. ఆ సంగతి పెద్దవాడికి తెలుసు, చిన్నవాడికి తెలీదు. నాకూ తెలీదు.

మా ఆయన తిరిగొచ్చి, ఆ ఖాళీ గోడ ముందు నిలబడి, "నాన్న ఏడిరా?" అన్నారు. అంతే. అదే తమ్ముడితో ఆయన మాట్లాడిన ఆఖరి మాట.

మరి పని ఎలా సాగాలి? మొదట్లో నేనే అడకత్తెరలో పోకచెక్కని. "ఆ గదికి చెప్పు, రంధ్రం అంచు పల్చగా కొయ్యాలని." "వదినా, ఆయనకి చెప్పు, మైనం అయిపోవచ్చిందని." తమ్ముడు అనే మాట మా ఆయన నోట పోయింది, 'ఆ గది' మిగిలింది. కొన్నాళ్ళు మోశాను. ఒకరోజు చేతిలో కుంచె విసిరికొట్టి, "మీ మాటలు మొయ్యడానికి నేనేమైనా కూలిదాన్నా? మీరు మీరు చావండి!" అన్నాను. అప్పుడు వైర్లాయన్ని పిలిపించారు. కంప్యూటర్లు కలిపే మనిషి, ఎప్పుడూ భుజం మీద వైర్ల చుట్టతో వస్తాడు.

ఆయన రెండు గదులూ చూసి తల గోక్కున్నాడు. మా ఆయనది కొత్త మాక్. మరిదిది ముసలి విండోస్. మార్చుదామంటే మిషన్ దానితో తప్ప ఆడదు. "ఈ పాతది పాత పద్ధతిలో పలకరిస్తుందమ్మా. కొత్తది ఆ పలకరింపు నమ్మదు, తలుపు తియ్యదు. నేరుగా కలపడం కుదరదు" అన్నాడు. "మనుషులూ అంతేలే" అన్నాను. రెండు పద్ధతులూ తెలిసిన ఒక చిన్న నల్ల పెట్టె తెచ్చి నడవలో అర మీద పెట్టాడు. దానిది లినక్స్ అట, మూడో రకం. అందులో ఒక ఫోల్డరు. ఇద్దరూ ఎవరి పాస్‌వర్డు వాళ్ళు కొట్టి ఆ ఫోల్డరు తెరుస్తారు. ఈయన పెడితే వాడు తీసుకుంటాడు. వాడు పెడితే ఈయన చూస్తారు. చెప్పాల్సిన ముక్కలు కూడా చిన్న ఫైళ్ళుగా రాసి అందులోనే పడేసేవాళ్ళు. ఒక్కదాంట్లోనూ 'అన్నయ్యా' అని ఉండదు, 'ఒరేయ్' అని ఉండదు. అయినా పని సాగింది, నాకు చెవుల పోటు తప్పింది.

ఒక టీచరమ్మ మా దగ్గరికి ఆపరేషన్‌కి ముందే వచ్చింది. చిన్నపిల్లల బడిలో చెబుతుంది. ముక్కులో పెరిగిన జబ్బు, మొత్తం తీసేయక తప్పదన్నారు డాక్టర్లు. తీసేలోపు ఆకారం పట్టి ఉంచమని మా దగ్గరికి పంపారు. ఆవిడ ముక్కు దూలం మీద చిన్న బొడిపె, అక్కణ్ణించి ఎడమకి కొంచెం వాలు. చిన్నప్పుడు ఉయ్యాల్లోంచి పడిందట.

"అందంగా సరిచెయ్యకండి బాబూ. నాకీ వంకరే కావాలి. నా బొమ్మ గీయమంటే మా పిల్లలు ముందు ముక్కే గీస్తారు" అని నవ్వింది.

మా ఆయన చేతి స్కానర్‌తో ముఖం చుట్టూ తిప్పి ఆకారం పట్టారు. ఆ స్కానులు తిన్నగా నడవ పెట్టెలోకే వెళ్ళేలా పెట్టుకున్నారు, ఇద్దరికీ అందుబాటులో ఉంటాయని. తెర మీద తన ముక్కు తిరుగుతుంటే ఆవిడ చాలాసేపు చూసింది. "మీ దగ్గర దాచుకుంటున్నానండీ. జాగ్రత్త" అని చెప్పి వెళ్ళింది.

ఆపరేషనయింది, మందులయ్యాయి, పుండు మానడానికి నెలలు పట్టింది. మానిన ముఖాన్ని మళ్ళీ స్కాన్ చేసి, పాత ముక్కుని దాని మీద కూర్చోబెట్టే పనిలో మా ఆయన పగలంతా తల ఎత్తలేదు. మర్నాడు టీచరమ్మ మైనం ముక్కు పెట్టి చూసుకోవడానికి వస్తుందనగా, ఉదయం ఫైళ్ళన్నీ తన దగ్గర ఉంచుకోకుండా పెట్టెలో ఆవిడ పేరున్న ఫోల్డర్లోకి జరిపేశారు. నేను టీ పట్టుకుని వెళ్ళేసరికి ఆ గది నుంచి చీటీ వచ్చి ఉంది.

"మళ్ళీ ఈ చెత్తంతా నా మొహాన ఎందుకు? తీసెయ్."

మా ఆయన ఫోల్డరు తెరిచి చూశారు. అందులో టీచరమ్మ ముక్కు తప్ప ఇంకేమీ లేదు. "ఇది చెత్తా?" అన్నారు. "ఇన్ని రోజులు కళ్ళు పోగొట్టుకున్నది చెత్తా? సరే, తీసేస్తా. కాళ్ళబేరానికి వచ్చి అడగనీ, అప్పుడిస్తా." ఫోల్డరు మొత్తం పట్టుకుని డిలీట్ కొట్టారు. ఇది వెంటనే పోతుంది, తిరిగి రాదు, సరేనా అని ఒక చిన్న గడి అడిగింది. కోపంలో ఉన్నవాడు చదువుతాడా? సరే నొక్కేశారు. నేను పక్కనే గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. తన కంప్యూటర్లో తీసేసినవన్నీ చెత్తబుట్టలో పడి ఉంటాయి కదా, ఇదీ అంతే అనుకున్నారాయన. నేనూ అదే అనుకున్నాను.

మధ్యాహ్నం మరిది తెర తొలగించుకుని నా గదికి వచ్చాడు. "వదినా, టీచరమ్మ ఫోల్డరు ఏమైంది? రేపటికి కొయ్యాలి కదా, కనపడట్లేదు."

"నువ్వు చెత్తన్నావుగా, తీసేశారు. ఉండు, ఇప్పిస్తాను" అని మా ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన కాసేపు బెట్టు చేసి, చెత్తబుట్ట తెరిచారు. ఏమీ లేదు. మూసి మళ్ళీ తెరిచారు. నడవ పెట్టెలోంచి తీసేసినవి ఆయన బుట్టలోకి రావు. అక్కడికక్కడే పోతాయి. ఆ గడి చెప్పింది అదే.

"ఆ గదిలో ఉందేమో అడుగు" అన్నారు, నా వంక చూడకుండా.

పరిగెత్తాను. మరిది ముఖం వెలిగింది. "భయపడకు వదినా, టీచరమ్మది నా డెస్క్‌టాప్ మీద ఎప్పుడో పెట్టుకున్నా." బొమ్మ మీద రెండుసార్లు నొక్కాడు. దొరకలేదు అని వచ్చింది. మళ్ళీ నొక్కాడు. అప్పుడు చూశాం, బొమ్మ మూల చిన్న బాణం గుర్తు. "ఇది పెట్టెలోకి దారి వదినా" అన్నాడు నెమ్మదిగా. "దారే పెట్టుకున్నాను. సరుకు కాదు."

ఏం చెయ్యాలో తోచక అతని కంప్యూటర్ తెర వంక చూస్తూ నిలబడ్డాను. ఇంకో రోగి చెవి ఫోల్డరు తెరిచి ఉంది. ప్రతి ఫైలు పక్కనా అదే పేరుతో ఇంకో ఫైలు. పేరు ముందు ఒక చుక్క, ఒక గీత.

"ఇవేంటి?"

"అదే చెత్త. ఒక్కో ఫైలుకీ ఒక దయ్యాన్ని తగిలించి పంపుతాడు. తెరిస్తే లోపల ఏమీ ఉండదు. కావాలని చేస్తాడు వదినా, నన్ను ఏడిపించడానికి. మూడేళ్ళ నుంచి ఏరి పారేస్తున్నా."

నేను నడవ దాటి మా ఆయన గదికి వెళ్ళి, అదే చెవి ఫోల్డరు తెరవమన్నాను. శుభ్రంగా ఉంది. ఒక్క దయ్యం లేదు. మళ్ళీ ఇటొచ్చాను, ఉన్నాయి. అటెళ్ళాను, లేవు. ఒకే పెట్టె, ఒకే ఫోల్డరు. రెండు తెరలూ చూసిన మనిషి మా ఇంట్లో నేనొక్కదాన్నే, నేనూ మూడేళ్ళలో ఏనాడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

వైర్లాయనకి ఫోన్ చేశాను. "ఓస్, అవా! మాక్ తన గుర్తుల కోసం తనే రాసుకుంటుందమ్మా. తన మనిషికి కనపడకుండా దాచేస్తుంది. విండోస్‌కి అది తెలీదు కదా, బయటికి చూపించేస్తుంది. అలా రాకుండా చెయ్యొచ్చు. ఇన్నాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు అడగలేదా?" అన్నాడు. ఏం చెప్పను? పోయిన ఫోల్డరు సంగతి చెప్పాను. ఆయన గొంతు మారింది. వచ్చి పెట్టె తీసుకెళ్ళాడు. సాయంత్రం ఫోన్ చేశాడు. ఆ చోట అప్పుడే వేరే ఫైళ్ళు వచ్చి పడ్డాయట. ఇక రాదన్నాడు.

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. నడవ మధ్యలో, పెట్టె లేని ఆ ఖాళీ అర పక్కన నిలబడి, రెండు గదులకీ వినపడేలా అరిచాను. "వినండి ఇద్దరూ! ఆయన చెత్త పంపలేదు. వాడు ఆయన పనిని చెత్త అనలేదు. నోరు విప్పి ఏంటిరా ఇది అని ఒక్క ముక్క అడిగుంటే గోటితో పోయేది. రేపు ఆ తల్లి వస్తుంది. ఆవిడకి ఏం పెడతారు? మీ పంతం తీసి అతికిస్తారా?" నేను గోడకి ఆనుకుని ఏడ్చాను.

ఫోటోలున్నాయి కదా అంటారేమో. ఫోటోకి ఎత్తూ లోతూ ఉండవు. ఫోటో చూసి చేస్తే అక్కచెల్లెళ్ళ ముక్కులా ఉంటుంది తప్ప, ఆ మనిషిది కాదు.

మర్నాడు టీచరమ్మ ముఖం మధ్యలో తెల్ల గుడ్డ కట్టుకుని వచ్చింది. చేతిసంచిలోంచి చిన్న అద్దం తీసి ఒళ్ళో పెట్టుకుంది. మా ఆయన తప్పు కంప్యూటర్ మీదా పెట్టలేదు, తమ్ముడి మీదా పెట్టలేదు. ఎదురుగా కూర్చుని చెప్పేశారు. "మీరు దాచమన్నది పోయిందమ్మా. నేనే కోపంలో తీసేశాను."

"నా మీద కోపమా?" అందావిడ.

"అయ్యో, కాదమ్మా."

"మరి?"

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. అద్దాన్ని బోర్లా తిప్పి పెట్టుకుని, "ఆపరేషన్ ముందు రోజు అందరూ ఏడ్చారండీ, నేను ఏడవలేదు. మీ దగ్గర ఉందిలే అనుకున్నాను" అంది. నాకు తల ఎత్తి ఆవిడని చూసే ధైర్యం లేకపోయింది.

అప్పుడు నడవలో తెర కదిలిన చప్పుడయింది. మరిది వచ్చి మా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. ఆ గుమ్మం తొక్కి మూడేళ్ళు. చేతిలో చెప్పుల అట్టపెట్టె, దాన్నిండా దూది. లోపలికి వచ్చి, బల్ల మీద పెట్టి, దూది తొలగించాడు. మైనం ముక్కు. దూలం మీద బొడిపె, ఎడమకి వాలు.

మొదట్లో, టీచరమ్మని స్కాన్ చేసిన వారమే, ఎలా వస్తుందో చూద్దామని కోసిన ముక్కు అది. ఒక రంధ్రం అంచు మందంగా వచ్చింది. మా ఆయన అప్పుడు రాసిన చీటీ నాకు గుర్తుంది. 'పనికిరాదు. పారెయ్.'

మా ఆయన ఆ ముక్కు వంకే చూస్తూ, "పారెయ్యమన్నాను కదరా" అన్నారు. మూడేళ్ళ తర్వాత తమ్ముడితో అన్న మొదటి మాట.

మరిది ఆయన్ని చూడలేదు, నన్ను చూశాడు. "ఒకసారి పారేసి చూశాను కదా వదినా" అన్నాడు. "మళ్ళీ ఏదీ పారెయ్యలేకపోయాను."

టీచరమ్మే చెయ్యి చాపి ఆ మైనాన్ని తీసుకుంది. కళ్ళు మూసుకుని, బొటనవేలు దూలం మీద పైనుంచి కిందికి జరిపింది. బొడిపె దగ్గర వేలు ఆగింది. "ఇదే. ఉయ్యాల్లోంచి పడ్డప్పుడు మా అమ్మ ఇక్కడే మంచుగడ్డ పెట్టింది" అని, అప్పుడు ఏడ్చింది. ఆపరేషన్ ముందు దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. నేను ఆవిడ వీపు నిమురుతూ కూర్చున్నాను.

ఆ వారమంతా అన్నదమ్ములిద్దరూ ఒకే గదిలో పనిచేశారు. మైనం ముక్కుని స్కాన్ చేశారు. ఆ స్కానుని ముందు నాలుగు చోట్ల కాపీ చేశారు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. అంచు పల్చన చేశారు. "కొంచెం పైకి." "ఇంతా?" "ఊఁ." అంతకు మించి మాటల్లేవు. వైర్లాయన పెట్టె తెచ్చి, దానికీ ఒక చెత్తబుట్ట పెట్టించి, దయ్యాలు రాకుండా సర్ది వెళ్ళాడు. మైనం కోసం మరిది గదికి వెళ్ళినప్పుడు గోడ బీరువా తెరిచాను. మూడేళ్ళలో కోసినవన్నీ అందులో ఉన్నాయి. పనికొచ్చినవీ, పనికిరానివీ, విరిగిన చెవులతో సహా, దూదిలో పెట్టి, మీద రోగి పేరు రాసి. చప్పుడు చెయ్యకుండా బీరువా మూసేసి వచ్చాను. మా ఆయనకి ఆ రోజే చెప్పాను. ఆయన విని, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

సిలికాన్‌లో ఎర్రటి దారప్పోగులు వేశాను, చర్మం కింద సన్నటి నరాల్లా ఉంటాయని. రంగు మీద రంగు వేసి, కిటికీ వెలుగులో ఆవిడ చెంప పక్కన పెట్టి చూసుకుని, మళ్ళీ వేశాను. అంచు ఎక్కడుందో నాకే తెలియకుండా పోయేదాకా వేశాను.

పెట్టే రోజు నా గదిలోనే కూర్చోబెట్టాం. అన్నదమ్ములిద్దరూ ఆవిడ వెనకాల చెరోపక్కన నిలబడ్డారు. జిగురు రాసి, ముక్కు పెట్టి, వేలితో అంచులు అదిమి, అద్దం చేతికిచ్చాను. ఆవిడ చూసుకుంది. ముఖం ఎడమకి తిప్పింది, కుడికి తిప్పింది. "రేపు బడికి వెళ్తాను" అంది. కాసేపాగి, అద్దంలోంచే మా ఆయన్ని చూస్తూ, "ఇది ఎవరు దాచారండీ?" అని అడిగింది. ఆవిడకి తెలీక కాదు.

"పోగొట్టింది నేనమ్మా" అన్నారు మా ఆయన. "దాచింది మా తమ్ముడు."

మరిది పక్కనున్న బల్ల మీద నా కుంచెలు సర్దడం మొదలుపెట్టాడు. సర్దినవే మళ్ళీ సర్దుతున్నాడు.

టీచరమ్మ అద్దం కొంచెం పైకెత్తింది. నెలల తరబడి ఎదుటివాళ్ళ ముక్కులు తప్ప ఇంకేం చూసిందావిడ? "మీ ఇద్దరిదీ ఒకటే ముక్కండీ. అచ్చు గుద్దినట్టుంది. ఎవరి పోలిక?"

ఇన్నేళ్ళ నా కాపురంలో నేనూ చూడలేదు. మామగారి ముఖం లారీతోనే పోయిందనుకున్నాం. మరిది చేతిలో కుంచె ఆగింది. "నాన్నది" అన్నాడు.

మా ఆయన తల తిప్పి తమ్ముడి ముఖం చూశారు. ఆ రోజు ఖాళీ గోడని ఎంతసేపు చూశారో, అంతసేపూ చూశారు. కళ్ళనిండా నీళ్ళు.

"ఏరా, భోంచేశావా?" అన్నారు.